మన నల్ల ఇసుకలో 61వ మూలకం లేదు

ఒడిశా గంజాం తీరంలోని ఛత్రపురం నల్ల ఇసుక మాట ఎక్కడ వచ్చినా, తెలుగులో కానీ ఒడియాలో కానీ, ఒక వాక్యం దాని వెంటే వస్తుంది: "ఈ ఇసుకలో 17 రేర్ ఎర్త్ మూలకాలున్నాయి." పోటీ పరీక్షల నోట్సుల్లో ఉంటుంది, వాట్సాప్‌లో తిరిగే పోస్టుల్లో ఉంటుంది, పిల్లల సైన్సు చార్టుల మీద ఉంటుంది. ఆ వాక్యం తప్పు. రేర్ ఎర్త్‌లంటే గుణాల్లో ఒకదాన్నొకటి పోలిన 17 లోహాల గుంపు. పదిహేడులో ఒకటి ఆ ఇసుకలో లేదు. దాని పేరు ప్రొమీథియం, పరమాణు సంఖ్య 61.

ఒకటి అటో ఇటో అయితే కొంప మునిగిందా అని ఎవరైనా అడగవచ్చు. నా దృష్టిలో ఆ ఒక్కటే ఈ పట్టికలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మిగతా పదహారూ ఎందుకున్నాయో చెప్పడం కష్టం కాదు. ఇది ఎందుకు లేదో తేల్చడానికి మాత్రం రసాయనవేత్తలకు నలభై ఏళ్లకు పైగా పట్టింది. ఇద్దరు ముగ్గురు "దొరికింది" అని ప్రకటించి, పేర్లు పెట్టి, ఆ పేర్లు పుస్తకాల్లో అచ్చయ్యాక కూడా అది దొరకలేదని తేలింది. చివరికి దొరికిన చోటు అణు రియాక్టరు. ఈ కథనంతా పక్కకు నెట్టి "17 ఉన్నాయి" అని రాసేస్తే, తెలిసిన విషయాన్ని తెలియనిదిగా మార్చినట్టే.

ఇసుక నుంచి మోనజైట్ దాకా

గోపాలపురం నుంచి రుషికుల్య మొగ వైపు వెళ్లే తీరంలో తెలుగు మాట్లాడే నోలియా జాలర్ల పల్లెలు చాలా ఉన్నాయి. 1936 దాకా ఈ గంజాం సీమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అలలు తేలిక ఇసుకను వెనక్కి లాక్కుపోయి బరువు గింజల్ని ఒడ్డున వదిలేసిన చోటల్లా తీరం నల్లగా చారలు కట్టి కనబడుతుంది. ఆ నలుపు ఎక్కువగా ఇల్మనైట్‌ది. దానితోపాటు గార్నెట్, సిలిమనైట్, జిర్కాన్, రూటైల్, కొద్దిగా మోనజైట్ ఉంటాయి. రేర్ ఎర్త్‌లు ఉండేది ఈ చివరిదాన్లోనే. ఇక్కడ తవ్వి వేరుచేసేది ఐఆర్ఈఎల్ (ఒకప్పటి ఇండియన్ రేర్ ఎర్త్స్) వారి ఒరిస్సా శాండ్స్ కాంప్లెక్స్, అందరూ ఆస్కామ్ అనేది.

మామూలు ఇసుక, అంటే క్వార్ట్జ్, సాంద్రత 2.65. ఇల్మనైట్‌ది 4.7 దాకా, మోనజైట్‌ది 5 దాకా ఉంటుంది. అందుకే మొదటి పని నీళ్లతోనే జరుగుతుంది. ఇసుకను నీళ్లలో కలిపి మెలికలు తిరిగిన స్పైరల్ తొట్లలోకి పైనుంచి వదులుతారు. బరువు గింజలు లోపలి అంచున దిగుతాయి, తేలికవి బయటి అంచుకు కొట్టుకుపోతాయి. బంకమట్టి ఎక్కువున్నా, గుజ్జు మరీ చిక్కబడ్డా ఈ పని చెడుతుంది. గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని కదులుతాయి, జిర్కాన్ వెళ్లాల్సిన చోటికి క్వార్ట్జ్ వెళుతుంది.

తర్వాత ఎండబెట్టి, కరెంటుతోనూ అయస్కాంతంతోనూ వేరుచేస్తారు. ఇల్మనైట్, రూటైల్ కరెంటును పోనిస్తాయి. మోనజైట్, జిర్కాన్, గార్నెట్, సిలిమనైట్ పోనివ్వవు. ఇల్మనైట్, గార్నెట్ అయస్కాంతానికి లొంగుతాయి. మోనజైట్ కొంచెమే లొంగుతుంది, గట్టి అయస్కాంతం కావాలి. జిర్కాన్, రూటైల్ లొంగవు. రెండు లక్షణాలనూ కలిపి చూస్తే దేనిది దానికి వస్తుంది. ఇక్కడ శత్రువు తేమ. గింజ మీద పల్చని నీటి పొర, అందులో కాస్త ఉప్పు ఉంటే చాలు, కరెంటు పోనివ్వని గింజ కూడా పోనిచ్చేదిలా నటిస్తుంది. సముద్రపు ఇసుకను మంచినీళ్లతో కడిగి, వేడిగా ఉండగానే యంత్రం మీదికి పంపడానికి కారణం అదే.

అలా చేతికొచ్చిన మోనజైట్ ఒక ఫాస్ఫేటు. మన దేశపు మోనజైట్‌లో సగానికి పైగా రేర్ ఎర్త్ ఆక్సైడ్లు, 9 శాతం అటూఇటూగా థోరియం ఆక్సైడు, 0.3 శాతం దరిదాపుల్లో యురేనియం ఆక్సైడు ఉంటాయి. దాన్ని మెత్తగా రుబ్బి, గాఢమైన కాస్టిక్ సోడాతో 140 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉడికిస్తారు. ఫాస్ఫేటు ట్రైసోడియం ఫాస్ఫేటుగా నీళ్లలోకి దిగిపోతుంది, లోహాలు హైడ్రాక్సైడు ముద్దగా మిగులుతాయి. రుబ్బడం చాలకపోతే గింజ పైపొర మాత్రమే కరిగి, నడిమి గుండ్రాయి అలాగే ఉండిపోతుంది. ఆ ముద్దను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో జాగ్రత్తగా కరిగిస్తే రేర్ ఎర్త్‌లు క్లోరైడుగా ద్రావణంలోకి వస్తాయి, థోరియం హైడ్రాక్సైడుగా అడుగునే ఉంటుంది. ఆమ్లం ఒక పిసరు ఎక్కువైతే థోరియం కూడా వెంట వచ్చేస్తుంది. థోరియం సంతతిలోని రేడియం ద్రావణంలోకి దిగుతుంది కాబట్టి, దాన్ని బేరియం సల్ఫేటుతో పాటు కిందికి దించి వడకడతారు.

మిగిలిన మిశ్రమ క్లోరైడులో సీరియం సగానికి దగ్గర. లాంథనం, నియోడిమియం ఒక్కొక్కటి అయిదో వంతు అటూఇటూ. ప్రేసియోడిమియం 5 శాతం పైన. సమేరియం 2, 3 శాతం. ఆ తర్వాతివి వేళ్ల మీద లెక్కించేంత. నియోడిమియం సంఖ్య 60, సమేరియంది 62. నడుమ 61 ఉండి ఉంటే ఇన్ని దశల్లో ఎక్కడా తప్పిపోయేది కాదు. రసాయన గుణంలో అది ఇద్దరి మధ్య బిడ్డ లాంటిది. స్పైరల్‌లో, సోడాలో, ఆమ్లంలో వాళ్ల చెయ్యి పట్టుకునే నడిచేది. కాబట్టి "వేరుచేసేటప్పుడు పోయి ఉంటుందేమో" అన్న వాదనకు చోటు లేదు.

బొత్తిగా లేదా? లెక్క వేద్దాం

నిజాయితీగా చెప్పాలంటే బొత్తిగా సున్నా కాదు. ఎంతుందో ఎవరైనా కాగితం మీద వేసుకోగల లెక్క ఇది.

ఒక టన్ను మోనజైట్ తీసుకోండి. 0.3 శాతం యురేనియం ఆక్సైడు అంటే 3 కిలోలు, అందులో యురేనియం సుమారు రెండున్నర కిలోలు. యురేనియం-238 (పేరు పక్కనున్న అంకె పరమాణు ద్రవ్యరాశి) చాలా అరుదుగా తనంతట తానే రెండుగా చీలుతుంది. కిలోకు సెకనుకు దాదాపు 7 సార్లు. అంటే మన టన్నులో సెకనుకు 17 చీలికలు. నూరు చీలికల్లో రెండు, రెండున్నర చివరికి ద్రవ్యరాశి 147 దగ్గర తేలి ప్రొమీథియం-147 అవుతాయి. అంటే సెకనుకు 0.4 పరమాణువు, రెండున్నర సెకన్లకు ఒకటి. ప్రొమీథియం-147 అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, 2.62 ఏళ్లు; ఒక పరమాణువు సగటున బతికేది 3.8 ఏళ్లు, అంటే దాదాపు 12 కోట్ల సెకన్లు. 12 కోట్లను 0.4తో గుణిస్తే సుమారు 5 కోట్లు. ఒక టన్ను మోనజైట్‌లో ఏ క్షణాన చూసినా ఉండే ప్రొమీథియం పరమాణువులు అంతే.

5 కోట్లంటే గొప్పగా వినబడుతుంది. అదే టన్నులో నియోడిమియం 80 కిలోలకు పైగా ఉంటుంది. ఒక్కో ప్రొమీథియం పరమాణువుకు నియోడిమియం పరమాణువులు దాదాపు 70 వేల కోటి కోట్లు. బరువులో చూస్తే ఆ 5 కోట్ల పరమాణువులూ కలిపి గ్రాములో కోటి కోట్ల వంతుకు కాస్త ఎక్కువ. పోనీ రేడియో ధార్మికత చూసి పట్టుకుందామంటే, అదే టన్నులోని 80 కిలోల థోరియం తానొక్కటే సెకనుకు 32 కోట్ల విఘటనలు చేస్తుంది, దాని సంతతి తొమ్మిదింటినీ కలిపితే 320 కోట్లు. వాటి మధ్య రెండున్నర సెకన్లకోసారి వచ్చే ఒక బలహీనమైన బీటా కణాన్ని వినడం బరంపురం ఠకురాణి జాత్ర డప్పుల్లో చీమ నడక వినడం లాంటిది.

యూరోపియం-151 కూడా ఆల్ఫా కణాన్ని వదిలి ప్రొమీథియం-147గా మారుతుందని 2007లో కొలిచారు. కానీ దాని అర్ధాయువు 50 లక్షల లక్షల కోట్ల ఏళ్ల దరిదాపుల్లో ఉంది, మోనజైట్‌లో యూరోపియమే అత్యల్పం. పై లెక్కను అది కదిలించదు. భూమి పైపొర మొత్తంలో ఏ క్షణానైనా ఉండే ప్రొమీథియం అర కిలో చిల్లర అని అంచనా. ప్రపంచమంతటికీ! ప్రకృతిలోని ఆ ప్రొమీథియాన్ని పిచ్‌బ్లెండ్‌లో, అంటే యురేనియం దండిగా ఉన్న ఖనిజంలో, 1968లో నిజంగానే పట్టుకున్నారు. అక్కడ సాధ్యమైంది యురేనియం ఎక్కువ కాబట్టి.

"అయితే ఉన్నట్టేగా, 17 అనవచ్చుగా" అనేవారికి నా జవాబు: ఆ కొలతతో చూస్తే సముద్రపు నీళ్లలో బంగారం దీనికన్నా ఎన్నో రెట్లు గట్టిగా ఉంది, అయినా గోపాలపురం బీచిని బంగారు గని అని ఎవరూ అనరు. ఇసుకలో ఒక మూలకం "ఉంది" అనే మాట తవ్వి తీయగలదానికి, కనీసం కొలవగలదానికి వాడాలి.

రెండు దేశాల తగవు, లేని వస్తువు మీద

61 దగ్గర ఖాళీ ఉండాలని చెక్ రసాయనవేత్త బొహుస్లావ్ బ్రౌనర్ 1902లోనే అన్నాడు. నియోడిమియానికీ సమేరియానికీ మధ్య తేడా పక్కపక్క మూలకాల మధ్య ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉందని ఆయన వాదన. 1913, 14లలో హెన్రీ మోజ్‌లీ ఎక్స్‌రే గీతలతో మూలకాలకు వరస సంఖ్యలు కట్టినప్పుడు ఆ ఖాళీ నిక్కచ్చిగా 61 అని తేలింది. మోజ్‌లీ 1915లో గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు. ఖాళీ గది నంబరు తెలిశాక వెతుకులాట జోరందుకుంది.

ముడిసరుకు ఎక్కడిదంటే, మోనజైట్ ఇసుకదే. పెళ్లి ఊరేగింపుల్లో, జాతరల్లో పెట్రోమాక్స్ దీపాలు వెలిగించిన తరానికి మేంటిల్ గుర్తుంటుంది, కాల్చగానే తెల్లటి బూడిద సంచిలా నిలబడేది. అందులో 99 శాతం థోరియం ఆక్సైడు, 1 శాతం సీరియం ఆక్సైడు. ఆ థోరియం కోసం బ్రెజిల్ నుంచీ, 1909 తర్వాత మన తిరువాంకూరు తీరం నుంచీ మోనజైట్ ఓడల్లో పోయేది. థోరియం తీసుకున్నాక మిగిలిన రేర్ ఎర్త్ పిప్పి ఫ్యాక్టరీలకు బరువు, రసాయనవేత్తలకు వరం.

ఫ్లారెన్స్‌లో లుయీజీ రొల్లా, లొరెంజో ఫెర్నాండెస్ బ్రెజిల్ మోనజైట్‌తో మొదలుపెట్టి వేల సార్లు స్ఫటికీకరణ చేశారు. 1924లో తమ ఫలితాన్ని సీలు వేసిన కవరులో పెట్టి రోములోని లిన్చెయి అకాడమీలో దాచారు. 1926లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి స్మిత్ హాప్‌కిన్స్ బృందం 61 తమకు దొరికిందని ప్రకటించి ఇల్లినియం అని పేరు పెట్టింది. ఇటలీవాళ్లు కవరు తెరిపించి, మాదే ముందు, పేరు ఫ్లోరెంటియం అన్నారు. ఏళ్ల తరబడి తగవు నడిచింది. ఇల్లినియం గుర్తు పీరియాడిక్ టేబుళ్లలోకి కూడా ఎక్కింది. జర్మనీలో విల్హెల్మ్ ప్రాంట్ల్ మాత్రం తానూ అదే పద్ధతిలో వెతికి, ఏమీ లేదని గట్టిగా చెప్పాడు.

వాళ్లు మోసగాళ్లు కారు. పద్ధతే దెబ్బతీసింది. స్ఫటికీకరణ అంటే ఉప్పును కరిగించి, కొంత గడ్డకట్టించి, గడ్డనూ ద్రవాన్నీ విడివిడిగా తీసి, మళ్లీ అదే చేయడం. ఒక్కో మెట్టులో నియోడిమియం, సమేరియం మధ్య తేడా లవలేశమే. వేల మెట్ల తర్వాత కూడా మధ్య భాగాల్లో రెండూ కలిసే ఉంటాయి. ఆ మిశ్రమాన్ని వెలుగులో పెట్టి చూస్తే ఇద్దరి గీతలూ ఒకదానిపై ఒకటి పడి, కొన్ని బలపడి, కొన్ని జరిగి, కొత్త గీతల్లా కనిపిస్తాయి. ఎక్స్‌రేలో మలినాల గీతలు కావలసిన చోటికి దగ్గరగా పడితే, వెతికేవాడి కళ్లకు అవే అనిపిస్తాయి. గది నంబరు ముందే తెలిసి ఉండటం వాళ్లకు చేటు చేసింది. అక్కడ ఏ మినుకు కనబడ్డా 61 అన్నారు.

1938 నుంచి ఒహాయోలో సైక్లోట్రాన్‌తో, అంటే కణాల్ని గిరగిరా తిప్పి వేగం పెంచే యంత్రంతో, నియోడిమియాన్ని కొట్టి కొత్త రేడియో ధార్మికత పుట్టించినవాళ్లున్నారు; సైక్లోనియం అనే పేరు వాళ్లది. వాళ్ల చేతిలో 61 నిజంగానే కొంత పుట్టి ఉండవచ్చు. అయినా దాన్ని నియోడిమియం నుంచి విడదీసి చూపలేకపోయారు. నన్ను అడిగితే గుర్తింపు వాళ్లకు దక్కకపోవడం న్యాయమే. మూలకాన్ని కనుగొనడమంటే పొరుగువాళ్ల నుంచి దాన్ని వేరుచేసి, ఇది వాళ్లది కాదని రుజువు చేయడం.

గొట్టం, రెసిన్, నిమ్మ ఉప్పు

ఆ రుజువు 1945లో వచ్చింది. టెనెసీలోని ఓక్‌రిడ్జ్‌లో, అప్పటి క్లింటన్ ప్రయోగశాలలో, ఎక్స్-10 అనే గ్రాఫైట్ రియాక్టరు దగ్గర. జేకబ్ మరిన్‌స్కీ, లారెన్స్ గ్లెండెనిన్, చార్ల్స్ కొరియెల్ ఆ పని చేశారు. యుద్ధకాలపు పనుల వల్ల ప్రకటన 1947 దాకా ఆగింది. ప్రొమీథియస్ పేరు సూచించింది కొరియెల్ భార్య గ్రేస్ మేరీ కొరియెల్. దేవతల నిప్పును మనుషులకు తెచ్చి శిక్ష అనుభవించిన గ్రీకు పురాణాల టైటన్ అతను.

వాళ్ల చేతిలోని కొత్త పరికరం అయాన్ మార్పిడి గొట్టం. అందరూ రియాక్టరును పొగుడుతారు, నేను మాత్రం గొట్టానికి పెద్దపీట వేస్తాను. రియాక్టరు 61ని తయారుచేసింది నిజమే, కానీ ముప్ఫై పైచిలుకు ఇతర మూలకాల గందరగోళంలో. యురేనియం కడ్డీని నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తే వచ్చే విచ్ఛిత్తి శకలాల రాశిలో ఏది ఏమిటో తేల్చింది గొట్టమే.

పని ఇలా సాగుతుంది. సన్నని నిలువు గాజు గొట్టంలో నానబెట్టిన రెసిన్ గింజల్ని, అంటే అయాన్లను పట్టుకునే ప్లాస్టిక్ లాంటి పూసల్ని, దట్టంగా నింపుతారు. గింజల మధ్య గాలి బుడగ మిగలకూడదు. మిగిలితే ద్రవం ఆ సందులోంచి జారిపోయి, ఒకేసారి రావలసిన మూలకం రెండు మూడు దఫాలుగా వస్తుంది. రేర్ ఎర్త్ మిశ్రమాన్ని పైన పోస్తే మూడు ధనావేశాలున్న అయాన్లు పైపొరలోనే గింజలకు అంటుకుంటాయి. మిశ్రమం గొట్టం సామర్థ్యంలో చిన్న వంతుకు మించకూడదు. మించితే పట్టీ మొదలే వెడల్పయి, చివర్లో పక్కదానితో కలిసిపోతుంది. తర్వాత అమోనియం సిట్రేటు ద్రావణాన్ని, అంటే నిమ్మ ఉప్పుకు అమోనియా కలిపిన నీటిని, మెల్లగా వదులుతారు. సిట్రేటు అయాన్‌ను గింజ నుంచి లాగాలని చూస్తుంది, గింజ వదలనంటుంది. ఈ లాగులాటలో అయాన్ సైజు నిర్ణేత. నియోడిమియం అయాన్ వ్యాసార్ధం 98.3 పికోమీటర్లు, ప్రొమీథియంది 97, సమేరియంది 95.8. ఒక పికోమీటరు తేడా! అయాన్ ఎంత చిన్నదైతే సిట్రేటు అంత గట్టిగా పట్టుకుంటుంది, అంత ముందు బయటికి వస్తుంది. కాబట్టి ముందు సమేరియం, తర్వాత 61, ఆపైన నియోడిమియం, ప్రేసియోడిమియం. ఒక్క లాగులాటలో తేడా చాలదు, కానీ గొట్టం పొడవునా అది వేల సార్లు తనంతట తాను జరుగుతుంది. ఫ్లారెన్స్‌లో చేతులు నొప్పెట్టేలా చేసిన పనినే గొట్టం ఒంటరిగా చేసిపెట్టింది.

ఇందులో ప్రాణం పీహెచ్. మూడుకు దగ్గరగా పట్టి ఉంచాలి. కాస్త పెరిగితే సిట్రేటు బలం పెరిగి అన్నీ గుంపుగా దిగిపోతాయి. తగ్గితే అన్నీ గింజల్ని కరుచుకుని రోజుల తరబడి కదలవు. వేగం కూడా అంతే. చుక్క చుక్కగా పడాలి. తొందరపడితే అయాన్‌కు గింజ లోపలికి వెళ్లి బయటికి వచ్చే తీరిక దొరకదు, పట్టీలు సాగుతాయి.

బయటికొచ్చే చుక్కల్ని వరసగా గిన్నెల్లో పట్టి బీటా కొలిచారు. సమేరియం, నియోడిమియం ఎక్కడ రావాలో వాటి వాటి ట్రేసర్ల (ఆనవాలుగా కలిపిన రేడియో ధార్మిక పరమాణువుల) వల్ల తెలుసు. రెండింటి నడుమ, ఏ పాత మూలకానికీ చెందని చోట, ధార్మికత గుట్టలా లేచింది. అంతటితో ఆగకుండా, నియోడిమియాన్ని విడిగా న్యూట్రాన్లతో కొట్టి, 11 రోజుల అర్ధాయువున్న నియోడిమియం-147ని పుట్టించి, అది మారగా వచ్చిన బిడ్డను మళ్లీ గొట్టంలో పోశారు. అదే చోట వచ్చింది. తల్లి ఎవరో తెలుసు, బిడ్డ ఒక మెట్టు పైన ఉండాలని తెలుసు, గొట్టంలో స్థానం సరిపోయింది. మూడు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి. ఇల్లినియానికి ఒక్క సాక్ష్యమైనా నికరంగా లేదు.

ఎందుకు లేదు

కారణం పంక్తి భోజనం లాంటిది. పరమాణు కేంద్రకాల ద్రవ్యరాశి సంఖ్యల్ని వరసగా వేసిన ఆకులనుకోండి. బేసి సంఖ్య ఆకు దగ్గర ఒక్కరికే చోటు, స్థిరంగా కూర్చునేది ఒకే మూలకం. 143, 145 ఆకుల దగ్గర నియోడిమియం కూర్చుంది. 147, 149 దగ్గర సమేరియం కూర్చుంది. 61కి దగ్గరి బేసి ఆకులన్నీ నిండిపోయాయి. ఇక సరి సంఖ్య ఆకులు: 61 బేసి కాబట్టి సరి ఆకు దగ్గర దాని న్యూట్రాన్లు కూడా బేసి అవుతాయి. జతకుదరని ప్రోటాను, జతకుదరని న్యూట్రాను రెండూ ఉన్న కేంద్రకం ఈ బరువులో స్థిరంగా ఉండదు. అటు నియోడిమియంగానో ఇటు సమేరియంగానో జారిపోతుంది. పక్కపక్క మూలకాలు రెండూ ఒకే ద్రవ్యరాశి దగ్గర స్థిరంగా ఉండలేవన్న నియమాన్ని యోసెఫ్ మట్టౌఖ్ 1934లో చెప్పాడు. 43వ మూలకం టెక్నీషియం కూడా ఇదే కారణంగా బలైంది.

61 ఐసోటోపుల్లో, అంటే బరువు మాత్రమే తేడా ఉన్న దాని రకాల్లో, ఎక్కువ కాలం నిలిచే ప్రొమీథియం-145కే అర్ధాయువు 17.7 ఏళ్లు. భూమి వయసు 450 కోట్ల ఏళ్లు. భూమి పుట్టినప్పుడు ఎంత ప్రొమీథియం ఉన్నా, కొన్ని వేల ఏళ్లకే ఆఖరి పరమాణువు దాకా తీరిపోయి ఉంటుంది. థోరియం-232 ఇంకా మన ఇసుకలో ఉండటానికి కారణం దాని అర్ధాయువు 1400 కోట్ల ఏళ్లు కావడం. ఒకే గింజలో థోరియం ఉండి ప్రొమీథియం లేకపోవడం ఈ రెండు అంకెల తేడాయే. బడిలో అర్ధాయువు పాఠానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ గంజాం పిల్లలకు మరొకటి దొరకదు.

ఉన్నచోట ఎలా ఉంటుంది

రియాక్టరులో ఒక కిలో యురేనియం-235 చీలితే 14 గ్రాముల దాకా ప్రొమీథియం-147 పుడుతుంది. అందులో కొంత అక్కడే న్యూట్రాన్లను మింగి వేరొకటిగా మారుతుంది. మన దేశపు 220 మెగావాట్ల రియాక్టరు ఒకటి పూర్తి శక్తితో నడిస్తే రోజుకు పది గ్రాముల దరిదాపుల్లో పుట్టుకొస్తుందని లెక్క. అంటే రెండు నెలల్లో భూమి పైపొర మొత్తంలో ఉన్నంత!

లోహంగా అది వెండి రంగు, 1042 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 1963లో ఫ్లోరైడును లిథియంతో వేడిచేసి మొదట తీశారు. లవణాలు గులాబీ రంగు ఛాయలో ఉంటాయి. గ్రాముకు సెకనుకు 34 లక్షల కోట్ల విఘటనలు, దాంతో మూడో వంతు వాట్ వేడి. బీటా కణం గరిష్ఠ శక్తి 224 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, సగటు 62. అందుకే నీటిలో అర మిల్లీమీటరుకు, గాలిలో 40 సెంటీమీటర్లకు మించి పోదు. ఈ బలహీనతలో ఒక ప్రమాదముంది. మందపాటి గోడ ఉన్న మామూలు గైగర్ గొట్టం దాని పక్కన పెట్టినా ఉలకదు, చేతికి అంటుకున్నా తెలియదు. సన్నని అభ్రకపు కిటికీ ఉన్న గొట్టం కావాలి, లేదా శాంపిల్‌ను మెరిసే ద్రావణంలోనే కలిపి కొలవాలి. లోపలికి పోతే ఎముకల్లో, కాలేయంలో చేరుతుంది. అందువల్ల పని అంతా గ్లవ్ బాక్సులోనే, అంటే చేతి తొడుగులు బిగించిన మూత పెట్టెలోనే. అడ్డుగా ముందు ప్లాస్టిక్, ఆ తర్వాతే సీసం. సీసానికి నేరుగా తగిలితే బీటా కణాలు ఎక్స్‌రేలను ఎక్కువగా పుట్టిస్తాయి.

రేడియం రంగులకు బదులుగా చీకట్లో మెరిసే రంగుల్లో దీన్ని వాడారు. అపోలో లూనార్ మాడ్యూల్ స్విచ్చుల కొసల మీద ఉన్నది ఇదే. ఆ రంగు వెలుగు తగ్గేది అర్ధాయువు వల్ల మాత్రమే కాదు, బీటా దెబ్బలకు జింక్ సల్ఫైడు స్ఫటికం ముందే అలిసిపోతుంది. 1970లలో గుండెకు పెట్టే పేస్‌మేకర్ బ్యాటరీల్లో వాడారు. అక్కడ చిక్కు ప్రొమీథియం-146తో. అది గామా కిరణాలు వదిలే మలినం, దాని అర్ధాయువు 5.5 ఏళ్లు. 147 కన్నా నిదానంగా తగ్గుతుంది కాబట్టి నిల్వ ఉంచేకొద్దీ మలినం పాలు పెరుగుతుంది. 41 రోజుల 148ని ఓపిక పట్టి వదిలించుకోవచ్చు, 146ని ఓపికతో వదిలించుకోలేం. పల్చటి కాగితం, ప్లాస్టిక్ ఫిలిం మందం కొలిచే గేజీల్లో ఇప్పటికీ పనికొస్తుంది. చదరపు మీటరుకు 60 గ్రాముల కాగితం ఈ బీటాలో కొంతే ఆపుతుంది, ఆ తేడా కొలవడానికి అనువుగా ఉంటుంది. మందపు అట్టకు క్రిప్టాన్-85 లాంటి గట్టిది కావాలి.

శుద్ధి చేసిన ప్రొమీథియం అలాగే ఉండదు. నెలకు రెండు శాతానికి పైగా సమేరియం అవుతుంది. పదేళ్లకు పద్నాలుగో వంతే మిగులుతుంది. కాబట్టి ఏ కొలత చేయాలన్నా ఆ ముందురోజుల్లోనే మళ్లీ శుద్ధి చేయాలి. ఈ తొందరపాటు వల్లే రేర్ ఎర్త్ అయాన్ల సైజులు వరసగా తగ్గుతూ పోయే గ్రాఫులో, నీళ్లలో ఉన్న 61 దగ్గర చుక్క చాలాకాలం ఊహతోనే పెట్టారు. 2024లో ఓక్‌రిడ్జ్ శాస్త్రజ్ఞులు దాన్ని ఒక సేంద్రియ అణువు మధ్య బంధించి, ఆక్సిజన్‌తో దాని బంధం పొడవు కొలిచాక ఆ వరస పూర్తయింది.

లేకపోవడం చేసే పని

ఛత్రపురంలో తయారైన మిశ్రమ క్లోరైడు శుద్ధికి కేరళలోని ఆలువాకు వెళుతుంది. అక్కడ ద్రావణాన్నీ, ఆమ్ల గుణమున్న నూనె లాంటి ద్రావకాన్నీ తొట్లలో కలిపి, విడగొట్టి, మళ్లీ కలిపి, మూలకాల్ని విడదీస్తారు. పక్కపక్క మూలకాల్ని విడదీయడం నరకం. ప్రేసియోడిమియం, నియోడిమియం మధ్య విభజన గుణకం (ఒక్కో కలయికలో రెండూ ఎంత విడిపోతాయో చెప్పే అంకె) ఒకటిన్నర దగ్గరే ఉంటుంది, తొట్లు పదుల వరసలు కావాలి. అదే నియోడిమియం, సమేరియం మధ్య ఆ గుణకం అనేక రెట్లు ఎక్కువ, తక్కువ తొట్లతో కోత తెగుతుంది. వాళ్లు పక్కపక్కవాళ్లు కారు కాబట్టి. నడుమ 61 గది ఖాళీ, రెండు మెట్ల తేడా ఒకేసారి దొరుకుతుంది. రేర్ ఎర్త్ ఫ్యాక్టరీలు తేలిక గుంపునూ మధ్య గుంపునూ వేరుచేసే మొదటి కోతల్లో ఒకటి అక్కడే వేస్తాయి. ఆ కోతకు ఒక పక్క గాలిమరల, బ్యాటరీ బళ్ల అయస్కాంతాలకు పోయే నియోడిమియం, మరో పక్క సమేరియం-కోబాల్టు అయస్కాంతాలకు పోయే సమేరియం.

చార్టు మీద మార్చాల్సింది ఒక్క వరుస. "ఛత్రపురం మోనజైట్‌లో రేర్ ఎర్త్‌లు: ఎక్కువగా సీరియం, లాంథనం, నియోడిమియం, ప్రేసియోడిమియం, తక్కువగా సమేరియం, గడోలినియం, ఇట్రియం తదితరాలు, 61 లేనట్టే, టన్నుకు 5 కోట్ల పరమాణువులు మాత్రమే." పక్కన ఖాళీ ఉంటే ప్రొమీథియం-147కి 2.62 ఏళ్లు, థోరియంకి 1400 కోట్ల ఏళ్లు అన్న రెండు అర్ధాయువులు కూడా రాయండి.